రెండు కిలోల బరువు

"కుట్టేదేముందన్నా, ఇంట్లో ఆడోళ్లు కుడతారు. గోడకు బిగించేదే అసలు పని."

మా ఆయన వీరభద్ర వసారాలో కూర్చుని ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. నేను లోపలి గదిలో కర్టెన్లకు ఇస్త్రీ చేస్తున్నాను. పద్నాలుగు కర్టెన్లు, ఒక్కోటి ఏడున్నర అడుగుల పొడవు. నాలుగు రోజులుగా కత్తిరించి, అంచులు మడిచి, రింగులు వేసి, అన్నీ ఒకే మట్టానికి వచ్చాయో లేదో నేల మీద పరిచి కొలిచి, ఇప్పుడు మడత పెడుతున్నాను. అన్నం వార్చడానికి ఒకసారి, మా అత్త కాళ్లకు నూనె రాయడానికి ఒకసారి మధ్యలో లేచాను. ఆ మాట నాకు కొత్తది కాదు. పదకొండేళ్లుగా వింటున్నాను. ఆ రోజు మాత్రం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కాసేపు ఊరికే నిలబడ్డాను.

మాది ఆలూరు వైపు పల్లె. వరసగా రెండేళ్లు వానలు పడక కర్నూలు చేరాం. ఆయన ఒక కర్టెన్ల దుకాణంలో బిగించే పనికి కుదిరాడు. నేను అదే దుకాణానికి ఇంటి దగ్గర కుట్టి ఇచ్చేదాన్ని. తర్వాత మేమే సొంతంగా మొదలుపెట్టాం. మేమే అని నేను అనుకున్నాను. బోర్డు మీద ఆయన పేరు రాయించాడు, కింద ఫోన్ నంబరు కూడా ఆయనదే. కిటికీలు కొలవడానికి ఇద్దరం పోతే ఇంటివాళ్లు ఆయనతో మాట్లాడతారు, టేపు రెండో కొస నేను పట్టుకుంటాను. బిగించే రోజు ఆయన నిచ్చెన ఎక్కుతాడు, నేను కింద నిచ్చెన పట్టుకుంటాను. పైనుంచి సిమెంటు పొడి నా తల మీద, కళ్లలో, మెడ వెనక రాలుతుంది. "సక్కగా పట్టుకోమే, నిద్రపోతాండావా" అంటాడు అందరి ముందర. గంటన్నరలో ఆయన పని అయిపోతుంది. చెమట తుడుచుకుని కుర్చీలో కూర్చుంటే ఇంటావిడ ఆయనకు కాఫీ ఇస్తుంది. నేను చీపురు అడిగి కింద పడిన పొడి ఊడుస్తాను.

ఇదంతా నాకు అలవాటైపోయింది. నన్ను కుంగదీసింది వేరే సంగతి. ఆయనకు నా మీద కోపం వస్తే డ్రిల్లు మిషన్ అటక మీది నుంచి దిగేది కాదు. మా అమ్మ కంటి ఆపరేషన్‌కు పోయి, చెప్పినదానికంటే రెండు రోజులు ఎక్కువ ఉన్నానని, తిరిగొచ్చాక మూడు వారాలు ఒక్క ఇంటికీ బిగించడానికి రాలేదు. కుట్టినవన్నీ మంచం మీద గుట్టగా పడి ఉన్నాయి. ఇంటివాళ్లు ఫోన్ చేస్తే, "మా ఆమె ఊరికి పోయింటే లేటయింది" అని నా మీదికే తోశాడు. అరవడు, కొట్టడు. వీధిలో అందరూ "మీ ఆయన శానా నిదానస్థుడు" అంటారు. ఒక మనిషి చేసిన పనిని సగంలో ఆపేసి ఊరుకోవడం కూడా కొట్టడమేనని నేను ఎవరికి చెప్పాలి?

ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు ఆ మిషన్ నేనే తీసుకుపోయాను. మూడున్నర కిలోలు ఉంటుంది, పాతది, పొడుగు వైరు. కిటికీ పైన ఉండేది ఇటుక కాదు, లింటెల్ కాంక్రీటు. లోపల ఇనుప కమ్మీలు ఉంటాయి. తొలిచే బిట్టు పోయి కమ్మీలో ఇరుక్కుంది, మిషన్ నా చేతిలో గిర్రున తిరిగింది. నెల రోజులు మణికట్టు వాచి ఉంది. ఆ చేత్తోనే వండాను, ఆ చేత్తోనే కుట్టాను. "చెప్పినా కదా, ఆడదాని చేతికి ఆగదు అది" అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆయన నవ్వుతూ చెప్పుకున్నాడు. నేనూ నమ్మాను.

ఆ పద్నాలుగు కర్టెన్లు మధులత మేడమ్‌వి. బ్యాంకులో ఆఫీసరు, నంద్యాల రోడ్డులో కొత్త ఫ్లాటు కొనుక్కుంది. బిగించేది గృహప్రవేశానికి ముందు రోజు. పది గంటలకు నేను ఆటోలో మూటలు వేసుకుని పోయాను. ఆయన డ్రిల్లుతో బండి మీద వెనకే వస్తానన్నాడు. పదకొండయింది, పన్నెండయింది. ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. పొద్దున ఆయన స్నేహితుడు వస్తే, కర్టెన్లు మూట కడుతున్నాను, టిఫిన్‌కు ఉగ్గాని చేయడానికి కుదరదు అన్నాను. అదీ నేరం. ఒంటిగంటకు మెసేజ్ వచ్చింది. ఓర్వకల్లు దగ్గర ప్లాట్లు చూడటానికి పోయాడట, రేపు చూద్దామన్నాడు.

"రేపు మా ఇంటికి వందమంది వస్తారు" అంది మేడమ్. గొంతు పెంచలేదు. "మీ ఆయన రాకపోతే ఈ గుడ్డలు నేనేం చేసుకోవల్ల, కప్పుకోవల్లనా?"

నేను కుట్టినవాటిని గుడ్డలు అంది. తప్పు పట్టలేకపోయాను. గోడ ఎక్కేదాకా అవి గుడ్డలే. కిందికి దిగి, డ్రిల్లు కొట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వాచ్‌మన్‌ను అడిగితే, కింది ఫ్లాటులో పని చేస్తున్న బాలస్వామి అనే ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకొచ్చాడు. అతను సంచిలోంచి చిన్న మిషన్ తీశాడు. వైరు లేదు. ఒంటిచేత్తో పట్టుకుని, రెండో చేత్తో కిటికీ చట్రం పట్టుకుని, లింటెల్‌లోకి అలవోకగా బొక్కలు కొట్టుకుంటూ పోయాడు. నేను నిచ్చెన పట్టుకోవడం మరిచిపోయి చూస్తూ ఉన్నాను.

"అది ఎంత బరువుందన్నా?" అని అడిగాను.

"రెండు కిలోలు ఉంటాదేమో. పట్టుకో అక్కా" అని నా చేతికి ఇచ్చాడు. నా చెయ్యి అంతకంటే ఎక్కువ బరువు కోసం సిద్ధపడి ఉండటంతో మిషన్ ఒక్కసారిగా పైకి లేచింది.

తర్వాత మూడు వారాలు కుట్టుమిషన్ పక్కన ఫోన్ నిలబెట్టుకుని అలాంటి మిషన్ల వీడియోలే చూశాను. హిందీలో, తమిళంలో, సగం అర్థమై సగం కాక. ఆయన అటుగా వస్తే బ్లౌజుల డిజైన్ల వీడియోకు మార్చేదాన్ని. మామూలు డ్రిల్లు వేరు, కాంక్రీటును సుత్తితో కొట్టినట్టు కొట్టుకుంటూ తొలిచే ఎస్‌డీఎస్ మిషన్ వేరు అని తెలిసింది. బ్యాటరీ మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకెలన్నీ వోల్టులు కావని తెలిసింది. ఒకే కంపెనీ బ్యాటరీ ఆ కంపెనీ మిగతా మిషన్లకూ సరిపోతుంది కాబట్టి మొదటిసారే చూసి ఎంచుకోవాలని తెలిసింది. ఇంత నేర్చుకున్నాక కూడా దుకాణం మెట్లెక్కడానికి ఇంకో వారం పట్టింది.

వన్‌టౌన్‌లో పుల్లన్న హార్డ్‌వేర్ దుకాణం. నలుగురు మేస్త్రీలు నిలబడి ఉన్నారు. నేను చెప్పుకునే సందు కోసం చాలాసేపు వేచి ఉన్నాను.

"బ్యాటరీ డ్రిల్లా? ఇంటికేనా? ఇది తీసుకోమ్మా, ఆడోళ్లకు అనుకూలం" అని పుల్లన్న ఒక పెట్టె తెరిచాడు. నూటెనిమిది ముక్కలు, తళతళ మెరుస్తూ. బ్యాటరీ మీద 88 అని ఉంది.

"ఈ ఎనభై ఎనిమిది ఏందన్నా? వోల్టులైతే కాదు కదా."

ఆయన అప్పుడు కళ్లజోడు సర్దుకుని నా వైపు చూశాడు.

"నాకు లింటెల్‌కు కొట్టల్ల" అన్నాను. "రోజుకు ఇరవై, ముప్పై బొక్కలు. నిచ్చెన మీద నిలబడి, చెయ్యి పైకెత్తి కొట్టేది. ఈ నూటెనిమిదిలో నాకు పనికొచ్చేది మూడో నాలుగో."

"మీ ఆయన్ను పిల్చుకొని రామ్మా. ఆయన పట్టి చూసుకుంటాడు."

"పట్టేది నేనేనన్నా."

మేస్త్రీల్లో ఒకడు నవ్వాడు. పుల్లన్న నవ్వలేదు. వెనక గోదాములో, మిషన్లు పరీక్షించే కాంక్రీటు దిమ్మె దగ్గరికి తీసుకుపోయాడు. మొదట మామూలు బ్యాటరీ డ్రిల్లు ఇచ్చాడు. అది కీచుమని అరిచింది, బిట్టు కమురు వాసన కొట్టింది, గోరంత లోతు కూడా దిగలేదు. రెండోది నేను అడిగిన రకం. దాన్ని నొక్కే పని లేదు. తనంతట తాను లోపలికి పోయింది. అది చేతికి బాగుందని అక్కడే ఆగిపోలేదు. గోడ వైపు తిరిగి, మిషన్ తలపైకి ఎత్తి పట్టుకుని మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నాను. పెద్ద బ్యాటరీ పెడితే అరవైకే మోచెయ్యి వణికింది. చిన్న బ్యాటరీ పెడితే వంద దాటింది. పెద్దది ఒకటి వద్దు, చిన్నవి రెండు కావాలన్నాను. ఒకటి వాడుతుంటే ఇంకొకటి చార్జింగ్ ఎక్కుతుంది.

"కమ్మీకి తగిలితే?" అని అడిగాను.

"క్లచ్ జారుతాది. చెయ్యి తిప్పదు. ఆ మూల కమ్మీ ఉండాది, కొట్టి చూడు."

కొట్టాను. టకటకమని జారి ఆగిపోయింది. నా మణికట్టు మాత్రం పాత నొప్పి తలుచుకుని ముందే బిగుసుకుపోయింది.

ఫోన్లో ఇదే మిషన్ ఇంకా తక్కువకు ఉందన్నాను. "అది ఉత్త మిషనమ్మా. బ్యాటరీలు, చార్జరు మళ్లీ కొనుక్కోవల్ల. చెడిపోతే యాడికి పంపుతావు? దీన్ని కర్నూల్లోనే బాగుచేస్తారు" అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, అతని నోటితో వినాలని అడిగాను. రంగుల సంచి, గొలుసు లాంటివి ఉచితంగా ఇస్తానంటే వద్దని, వాటికి బదులు రెండు మంచి బిట్లు ఇమ్మన్నాను. ఇచ్చాడు. రెండేళ్లుగా వేసిన చీటీ అందులోకి పోయింది. బయటికి వచ్చి, పెట్టెను కడుపుకు ఆనించుకుని ఆటో ఎక్కాను.

మొదట బిగించింది ఒక రిటైర్డ్ టీచరు ఇంట్లో. ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు. కాగితం గ్లాసుకు బొక్క పెట్టి బిట్టుకు తొడిగాను, పొడి ఆయన మీద పడకుండా. ఎనిమిది బొక్కలు. రాడ్డు పెట్టి, కర్టెన్ ఎక్కించి, కిందికి దిగి చూస్తే, నేను కుట్టినది మొదటిసారి నా చేత్తోనే పూర్తయి కనిపించింది. "మీ ఆయన నేర్పించినాడామ్మా?" అని అడిగాడు టీచరు. అవునని తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో గొడవ అవుతుందనుకున్నాను. గొడవ కాలేదు. ఆయన మిషన్‌ను ఒంటిచేత్తో ఎత్తి చూసి, "బొమ్మ మాదిరి ఉండాదే" అన్నాడు. అంతే. నెల తిరక్కుండానే తన పాత మిషన్ ఎవరికో ఇచ్చేశాడు. "ఇంగ నాకేంటికి?" అన్నాడు. ఫోన్లు మాత్రం ఆయనకే వస్తాయి. ఎవరడిగినా సరేనంటాడు, బిగించేది ఉచితమంటాడు, తేదీ తనే చెప్పేస్తాడు. "మా ఆమెకు మిషన్ కొనిచ్చినా" అని స్నేహితులతో అంటాడు. ఒకరోజు నేను అన్నం కలుపుతుంటే వసారాలోంచి మాట వినపడింది: "బిగించేదేముందన్నా, చిన్న మిషను. ఆడోళ్లు బిగిస్తారు."

పదకొండేళ్లు అసలు పని అన్నది, నా చేతికి రాగానే పని కాకుండా పోయింది. రేపు నేను విమానం నడిపితే విమానం నడపడంలో ఏముందంటారు. మా అత్త హనుమంతమ్మ అయితే, "నా కొడుకు చేతిలో పని లేకుండా చేస్తివి కదమ్మా, మగోడు ఊరికే కూర్చుంటే ఇంటికి మంచిదా" అని నిట్టూర్చింది. నిట్టూర్చి, తన మందుల వేళకు టిఫిన్ కాలేదని గుర్తు చేసింది. పొద్దున్నే వంట, పగలు ఇళ్ల వెంట నిచ్చెన, సాయంత్రం కుట్టు. కుడి భుజం పైకి లేవడం మానేసింది, జడ వేసుకోవడానికి తల వంచి చేతి దగ్గరికి తెచ్చుకుంటున్నాను. కొనేటప్పుడు బరువు చూశాను, బ్యాటరీ చూశాను, వారంటీ చూశాను, చెడిపోతే ఎవరు బాగుచేస్తారో కనుక్కున్నాను. నేను దించుకోవాలనుకున్న బరువు ఇంట్లో ఇంకెవరూ ఎత్తుకోరని మాత్రం చూసుకోలేదు.

దసరా ముందు ఆయన ఒక పెద్ద పని ఒప్పుకున్నాడు. కడపలో ఇంకా తెరవని కొత్త లాడ్జి, నలభై కిటికీలు. మూడు వారాలు కుట్టాను. బిగించడానికి ఐదు రోజులన్నాడు.

"తోడు ఎవురొస్తారు?" అని అడిగాను.

"శివాని ఉండాది కదా. శెలవులే. నిచ్చెన పట్టుకుంటాది."

శివాని మా కూతురు. పదో తరగతి. గోడకు ఆనుకుని లెక్కలు చేసుకుంటోంది. వాళ్ల నాయన మాట విని తల ఎత్తింది, పుస్తకంలో పెన్ను పెట్టి మూసేసింది. ఆ మూయడంలో కోపం లేదు, దిగులు లేదు. ఎవరైనా పిలిస్తే కుట్టు ఆపి నేను లేచే తీరే అది.

"శివాని రాదు" అన్నాను. "శెలవులు అయినాక దానికి పరీక్షలుండాయి. పక్కింటి ఈరక్కను పిల్చుకొని పోతా. ఆమె కూలి ఈ పనిలోంచే ఇయ్యల్ల."

"నిచ్చెన పట్టుకునేదానికి కూలా?"

"పట్టుకునేది పని కాదా?"

ఆయన నా వైపు వింతగా చూసి, అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు కాబట్టి, సరేనన్నాడు.

కడప బస్సులో మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. ఆళ్లగడ్డలో అహోబిలం పోయేవాళ్లు దిగాక కాళ్లు చాపుకున్నాం. లాడ్జిలో మాకొక గది ఇచ్చారు. పగలంతా పని, చీకటి పడేసరికి ఎదురు హోటల్లో భోజనం. మొదటి రోజు వడ్డించే మనిషి, "ఇంకొంచెం సాంబారు వేయల్లనామ్మా" అని అడిగితే తినడం ఆపి అతని వైపు చూశాను. ఒకరు వడ్డిస్తే కూర్చుని తిని ఎన్నేళ్లయిందో. ఈరక్క చూసి, "తినుమే, ఆరిపోతాంది" అంది. ఆమె మొగుడు పోయి తొమ్మిదేళ్లు.

మూడో రోజు శివాని ఫోన్ చేసింది.

"అమ్మా, పప్పులో నీళ్లు ఎక్కువైనాయి. ఏం చేయల్ల?"

"నువ్వు వండుతాండావా? జేజి?" అని మా అత్త సంగతి అడిగాను.

"జేజికి కాళ్లు నొస్తాండాయంట. నాలుగు దినాలే కదా, నేను చేస్తాలే. నాయన ఫ్రెండ్సు వచ్చిండారు, వాళ్లకు టీ పెట్టి మళ్లీ చేస్తా."

"చదువుకున్నావా?"

"సాయంత్రం చదువుకుంటా."

దాని గొంతులో విసుగు లేదు. విసుక్కుని ఉంటే బాగుండేది. నిచ్చెన మీదికి ఎక్కి, మిషన్ చేతిలో పట్టుకుని, నొక్కకుండా చాలాసేపు నిలబడ్డాను. దాన్ని నిచ్చెన నుంచి తప్పించాననుకున్నాను. తీసుకుపోయి పొయ్యి దగ్గర వదిలిపెట్టి వచ్చాను. నేను లేని ఇల్లు ఆగిపోలేదు. నా జాగాలోకి నా బిడ్డను లాక్కుంది, అంతే.

ఐదో రోజు మధ్యాహ్నానికి నలభయ్యో కిటికీ అయిపోయింది. మేనేజరు గది గదికీ తిరిగి, కర్టెన్లు లాగి చూసి, బాగున్నాయన్నాడు. ఇంకొన్ని రోజులు ఆ గదిలో ఉండనిస్తారా, అద్దె ఇస్తాను అని అడిగాను. "దసరా తర్వాతే కదమ్మా తెరిచేది, ఉండండి. అద్దె ఏం వద్దులే" అన్నాడు. ఈరక్క తన కూలి కొంగున కట్టుకుని, మూడు గంటల బస్సుకు బయల్దేరింది.

"నువ్వు రావా?" అంది.

"రాను."

నా మొహం ఒక్క క్షణం చూసి, బస్సు దాకా రావొద్దు, పండుకో పో అని చెప్పి వెళ్లిపోయింది.

మంచం మీద కూర్చుని ఆయనకు ఫోన్ చేశాను.

"అయిపోయిందా?" అన్నాడు. "ఈ బస్సుకే వచ్చేయ్. ఆదోనోళ్లు ఫోన్ చేసినారు. రేపు నువ్వు కొలతలకు పోవల్ల."

"ఇంగా పని ఉండాది."

"ఎన్ని దినాలు?"

"శెలవులు అయ్యేదాకా. రేపొద్దన శివానిని కడప బస్సెక్కించు. పుస్తకాలు తెచ్చుకోమను."

అవతల టీవీ శబ్దం తగ్గింది. నేనేమంటున్నానని లోపలి నుంచి మా అత్త అడుగుతోంది. ఆమెను ఆగమని, ఆయన నన్ను అడిగాడు.

"అదీ ఆడికే వస్తే, ఈడ వండేదెవురు?"

మా పెళ్లయి పదహారేళ్లు. ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేని రోజు ఒక్కటీ లేదు.

"నాకు తెల్దు" అన్నాను.